కడుపునొప్పి, కళ్లు తిరగడం: గ్యాస్ అనుకునే ముందు గర్భం టెస్ట్ చేయండి

క్యాజువాలిటీలో నర్సుగా ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఆడమనిషి కడుపునొప్పితో వస్తే ముందు గ్యాస్ ఇంజెక్షన్ పడుతుంది, గర్భం టెస్ట్ సంగతి ఎప్పటికో గుర్తొస్తుంది. మెడికల్ షాపులో దొరికే కిట్, ఐదు నిమిషాల పని. నెలసరి వచ్చే వయసులో ఎవరికి పొత్తికడుపు నొప్పి వచ్చినా మొదట అదే. ఎందుకంటే అది ట్యూబులో గర్భం (ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ) కావచ్చు.

ఎలా కనిపిస్తుంది?

చాలామందిలో డేట్ తప్పిన రెండు నుంచి నాలుగు వారాల్లో. ఒక పక్క పొడిచినట్టు నొప్పి మొదలై కడుపంతా పాకుతుంది. కొద్దికొద్దిగా ముదురు రంగు బ్లీడింగ్ కనబడితే ‘డేట్ లేటుగా వచ్చిందిలే’ అనుకుంటారు. నిలబడితే కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి. కొందరికి భుజం పైన నొప్పి. కడుపులో చేరిన రక్తం డయాఫ్రమ్‌కి (పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండరం పొర) తగిలితే అది భుజంలో తెలుస్తుంది, పడుకుంటే ఎక్కువవుతుంది. ఇంకొందరు విరేచనానికి వచ్చినట్టుందని బాత్రూంకి వెళ్లి అక్కడే పడిపోతారు.

కారణం

పిండం గర్భాశయంలో కాకుండా బయట పెరుగుతుంది. ఇలాంటి వాటిలో నూటికి తొంభైకి పైగా కేసుల్లో అది పెరిగేది ట్యూబులో, అంటే అండాన్ని గర్భాశయానికి చేర్చే గొట్టంలో. ట్యూబు పగిలి లోపలే రక్తం పోతుంది. బయట కనబడే బ్లీడింగ్‌ని బట్టి అంచనా వేయొద్దు.

నన్ను మోసం చేసింది మాత్రం పిల్లల ఆపరేషన్. ముప్పై దాటిన ఆమె, ఇద్దరు పిల్లలు. టెస్ట్ చేద్దామంటే అత్తగారు నవ్వారు: “ఆపరేషనై ఆరేళ్లయింది కదమ్మా!” నేనూ ఊరుకున్నాను. బీపీ 110/70. పల్స్ 118 ఉంటే నొప్పికి, టెన్షన్‌కి అనుకున్నాను. రెండు గంటల తర్వాత కంటి కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లకాగితమే. నాలుగు బాటిళ్ల రక్తం ఎక్కాక బతికింది.

వయసులో ఉన్న శరీరం చాలా రక్తం పోయేదాకా బీపీని నిలబెడుతుంది. ముందు పెరిగేది పల్స్. ఇక ఆపరేషన్ అంటారా, కట్టిన ట్యూబులో అరుదుగా సన్నని సందు ఏర్పడుతుంది. వీర్యకణం దూరుతుంది, ఫలదీకరణ చెందిన అండం దూరలేక అక్కడే నాటుకుంటుంది. ఆపరేషన్ తర్వాత గర్భం రావడమే తక్కువ, కానీ వస్తే దాదాపు మూడింట ఒకటి ట్యూబులోనే. మన రెండు రాష్ట్రాల్లో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే!

షాపులో కొన్న అబార్షన్ మాత్రలదీ ఇదే తంతు. బ్లీడింగ్ అవుతుంది, ట్యూబులోది అలాగే ఉంటుంది.

అండాశయంలో, పాత సిజేరియన్ కుట్టు దగ్గర కూడా గర్భం నిలుస్తుంది. అరుదు. ఇంట్లో చేయాల్సింది ఏమీ మారదు.

ఏం చేయాలి?

కళ్లు తిరిగి పడిపోతే టెస్ట్ కోసం కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు, కాబట్టి కాఫీ, మజ్జిగ, ఏదీ నోట్లో పోయొద్దు. స్కానింగ్ సెంటర్ క్యూలో కూర్చోబెట్టకండి. ఆపరేషన్ థియేటర్, రక్తం రెండూ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. రక్తం ఇవ్వగలవాళ్లు ఇద్దరు వెంట రండి. నెగిటివ్ గ్రూపైతే వెళ్లగానే చెప్పండి.

పడిపోకపోయినా నొప్పి ఉండి టెస్ట్‌లో రెండు గీతలు వస్తే అదే రోజు స్కాన్. ఒక్క గీతే వచ్చి నొప్పి తగ్గకపోతే, రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోన్ పరీక్ష) చేయమని అడగండి. నీళ్లు ఎక్కువ తాగినప్పుడు మూత్రం పలచబడి కిట్ తప్పు చూపిస్తుంది.

108 వాళ్లతో ఉత్త కడుపునొప్పి అనకండి. డేట్ ఎప్పుడు వచ్చిందో, ఎన్నిసార్లు కళ్లు తిరిగాయో చెప్పండి. పిల్లల ఆపరేషన్ అయి ఉంటే, వాళ్లు అడగకపోయినా చెప్పండి.