వేడి గాలి తినేసిన పవర్

తక్కువ ఖర్చులో కారు పవర్ పెంచుకోవాలని మొదట నేను చేసిన పని, కంపెనీ ఎయిర్ ఫిల్టర్ బాక్సు పీకేసి, బాక్సు లేకుండా బయటికే ఉండే కోన్ ఫిల్టర్ బిగించడం. ఇంజిన్ శబ్దం భలే మారింది. కానీ ట్రాఫిక్‌లో కాసేపు ఆగి కదిలితే బండి మునుపటికంటే బద్ధకంగా లాగేది.

కారు కంప్యూటర్ రీడింగులు చూపించే ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే అసలు విషయం తెలిసింది. బయట 30 డిగ్రీలు, ఇంజిన్‌లోకి వెళ్తున్న గాలి 60. ఇంజిన్ పొగ బయటికి వెళ్లే వేడి గొట్టాలు, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే ఉన్న ఫిల్టర్ ఆ వేడినంతా పీల్చుకుంటోంది. గాలి అంత వేడెక్కితే సాంద్రత దాదాపు 9 శాతం పడిపోతుంది. ఆక్సిజన్ తగ్గితే పవరూ తగ్గుతుంది. పైగా నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ కొట్టుకోవడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి జరుపుతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా పడేలా చేస్తుంది. ఆ దెబ్బ వేరే.

పాత బాక్సే మళ్లీ పెట్టాను. లోపల కొత్త ప్యానెల్ ఫిల్టర్ వేసి, గ్రిల్ వెనక నుంచి చల్లగాలి తెచ్చే పైపు సరిగ్గా అతికేలా బిగించాను. అదే ఊపులో స్పార్క్ ప్లగ్గులు విప్పాను. స్పార్క్ దూకే గ్యాప్ 1.1 మి.మీ. ఉండాల్సింది, అంచులు గుండ్రంగా అరిగి 1.4కి చేరింది. కొత్తవి వేసి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే, మసి పట్టిన థ్రాటిల్ బాడీ కూడా శుభ్రం చేశాను.

పికప్ తిరిగొచ్చింది. ఈసీయూ రీమ్యాప్ (దాని సాఫ్ట్‌వేర్ సెట్టింగులు మార్చడం) మాత్రం చేయించలేదు. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోసే పరికరం) ఉంటే రీమ్యాప్‌తో బాగా లాభం, నాది టర్బో లేని ఇంజిన్. ఆ డబ్బు మంచి టైర్లకూ బ్రేక్ ప్యాడ్లకూ పెట్టాను.