లైసోజోమ్‌లు వేరు చేయబోతున్నారా? ముందు పగిలాయో లేదో చూసుకోండి

ఈ మధ్య తెలిసినవాళ్ల ల్యాబ్‌లో ఒక రిజల్ట్ దగ్గర పెద్ద రభస అయింది. నీమన్-పిక్ ఎ (లైసోజోమ్‌లలో కొవ్వు పేరుకునే వారసత్వ జబ్బు) ఉన్నవాళ్ల ఫైబ్రోబ్లాస్టుల (చర్మం నుంచి తీసి పెంచే కణాల) నుంచి లైసోజోమ్‌లు (కణంలోని చెత్తని అరిగించే, పొర చుట్టిన సంచులు) తీసి, మామూలు కణాలవాటితో పోల్చి, జబ్బు కణాల్లో కాథెప్సిన్ డి (లైసోజోమ్ లోపలుండే ఎంజైమ్) బాగా తక్కువుందని తేల్చి స్లైడ్లు కూడా తయారు చేసేసుకున్నారు. తీరా ఎవరో పారబోయకుండా దాచిన సూపర్‌నాటెంట్‌ని (సెంట్రిఫ్యూజ్‌లో స్పిన్ చేశాక పైన మిగిలే ద్రవాన్ని) బ్లాట్ చేస్తే (ఒక ప్రోటీన్ ఉందో లేదో బ్యాండ్‌గా చూపించే పరీక్ష) ఎంజైమ్ అంతా అందులో ఉంది.

ఐస్ మీద పెట్టండి, గ్లవ్స్ వేసుకోండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను. నేను చూసినంతలో జనాన్ని ముంచుతున్నది ఒక్కటే: కణాన్ని పగలగొట్టేటప్పుడు దాంతోపాటు లైసోజోమ్ కూడా పగిలిందా అని చూసుకోకుండా ముందుకు పోవడం. జబ్బు కణాలతో ఇది రెట్టింపు ప్రమాదం. నీమన్-పిక్ ఎ లో స్ఫింగోమైలినేజ్ అనే కొవ్వుని విరిచే ఎంజైమ్ పనిచేయదు, పొర అసలే బలహీనం. 'ఇద్దరికీ సమానంగా 25 స్ట్రోకులు ఇచ్చాం' అంటారు (కణాలు పగలగొట్టే గొట్టంలో పెస్టిల్ అనే చిన్న రోకలిని ఒకసారి కిందికీ పైకీ ఆడిస్తే ఒక స్ట్రోకు). స్ట్రోకులు సమానమే, దెబ్బ సమానం కాదు. మామూలు లైసోజోమ్ తట్టుకున్న చోట జబ్బుది చిట్లిపోతుంది, మీరేమో దాన్ని జబ్బు లక్షణమని రాసుకుంటారు.

స్ట్రోకులు లెక్కపెట్టడం కాదు, చూడాలి. ఐదారు స్ట్రోకులకొకసారి ఒక చుక్క తీసి ట్రిపాన్ బ్లూ అనే రంగు కలిపి మైక్రోస్కోప్ కింద పెట్టండి. పగిలిన కణంలో న్యూక్లియస్ నీలంగా కనిపిస్తుంది, పగలనిది తెల్లగానే ఉంటుంది. నూటికి ఎనభై పగిలితే ఆపేయండి. మిగతా ఇరవై కోసం ఆశపడితే ఆల్రెడీ బయటపడ్డ లైసోజోమ్‌లకి మళ్లీ దెబ్బలు పడతాయి. పెస్టిల్ పైకి లాగేటప్పుడు బుడగలు రాకూడదు. ద్రవం తీగలా సాగిందంటే న్యూక్లియస్‌లు పగిలి డీఎన్ఏ బయటికొచ్చినట్టే. ఆ జిగటలో లైసోజోమ్‌లు చిక్కుకుని మొదటి స్పిన్‌లోనే న్యూక్లియస్ పెల్లెట్‌తో (అడుగున పేరుకునే ముద్దతో) అడుగుకి పోతాయి. ఆ శాంపిల్ పారేయండి, బాగుచేయాలని చూడకండి.

పగిలాయో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. హోమోజెనేట్‌ని (పగలగొట్టిన కణాల ద్రవాన్ని) 0.25 మోలార్ సుక్రోజ్ ఉన్న బఫర్‌లో రెండు ట్యూబులుగా పంచి, ఒకదాంట్లో 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 (పొరల్ని కరిగించే డిటర్జెంట్) వేసి, రెండింట్లోనూ బీటా-హెక్సోసామినిడేజ్ అనే లైసోజోమ్ ఎంజైమ్‌ని కొలవండి. ట్రైటాన్ వేసిన దాంట్లో వచ్చేది మొత్తం ఎంజైమ్, వేయని దాంట్లో వచ్చేది అప్పటికే బయటపడ్డది. రెంటి తేడా మొత్తంలో ఎంత శాతమో అదే లేటెన్సీ. జబ్బు కణాలకీ మామూలు కణాలకీ లేటెన్సీ వేరువేరుగా వస్తే ఆ పోలిక అక్కడితో ఆపేయాలి. అసలు లైసోజోమ్ దొరికిందే ఈ దారిలో. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్ ల్యాబ్‌లో ఎలుక కాలేయం నుంచి తీసిన తాజా శాంపిల్‌లో యాసిడ్ ఫాస్ఫటేజ్ తక్కువ చూపించి, అదే శాంపిల్ కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉన్నాక ఎక్కువ చూపించింది. పొర లోపల దాగిన ఎంజైమ్ మెల్లగా బయటికొచ్చిందన్నమాట. 1955లో దానికి పేరు పెట్టారు, 1974లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇప్పుడేమో ఆ చెక్ చేయమంటే టైమ్ వేస్ట్ అంటున్నారు.

'మాది లైసో-ఐపీ, పది నిమిషాల పని, మాకా టెన్షన్ లేదు' అనేవాళ్లకే ఎక్కువ చెప్పాలి. లైసోజోమ్‌లని యాంటీబాడీ ఉన్న బీడ్స్‌తో (చిన్న పూసలతో) పట్టి లాగే, 2017లో వచ్చిన ఆ పద్ధతిలో బీడ్స్ పట్టుకునే హెచ్ఏ ట్యాగ్ ఉన్నది టీఎంఈఎం192 అనే ప్రోటీన్ మీద, అంటే పొర మీద. లైసోజోమ్ చిట్లి లోపలిదంతా కారిపోయినా ఖాళీ పొర బీడ్స్‌కి భేషుగ్గా అంటుకుంటుంది. లైసోజోమ్ గుర్తుగా అందరూ చూసే ల్యాంప్1 బ్యాండ్ దిట్టంగా వస్తుంది, అందరూ సంబరపడతారు. ల్యాంప్1 కూడా పొర ప్రోటీనే కదా! లోపలి సరుకు ఉందో లేదో కాథెప్సిన్ చెప్పాలి, లేటెన్సీ చెప్పాలి. ల్యాంప్1 చెప్పదు.

గ్రేడియెంట్ (సాంద్రతని బట్టి తేల్చి, ఫ్రాక్షన్లుగా అంటే వాటాలుగా తీసే పద్ధతి) వేసేవాళ్లకి ఇంకో గుంట ఉంది. కొవ్వు పేరుకున్న లైసోజోమ్ సాంద్రత మారుతుంది, మామూలుది తేలిన చోట తేలదు. రెండింట్లోనూ ఒకే నంబర్ ఫ్రాక్షన్ తీసి పోల్చకండి, అన్ని ఫ్రాక్షన్లూ కొలవండి.

ఇక మిగతావి, వరసేం లేదు.

ఫ్రీజ్ చేసిన కణాలు వాడొద్దు. గడ్డకట్టి కరిగితే పొర పోతుంది.

కణాలు త్వరగా పగలాలని నీళ్లలాంటి బఫర్‌లో ఉబ్బించకండి, లైసోజోమ్‌లూ ఉబ్బుతాయి.

క్లోరోక్విన్ (లైసోజోమ్‌లని ఉబ్బించే మలేరియా మందు) ఇచ్చిన కణాలు ఇంకా సున్నితం, స్ట్రోకులు తగ్గించి చూడండి.

కాథెప్సిన్ యాక్టివిటీ కొలవాలంటే పెప్‌స్టాటిన్, ఈ-64 (కాథెప్సిన్లని ఆపేసేవి) ఉన్న ఇన్హిబిటర్ కాక్‌టెయిల్ వేయకండి. వేసేసి 'జబ్బులో యాక్టివిటీ లేదు' అన్నవాళ్లున్నారు.

లైసో-ఐపీలో ట్యాగ్ లేని కణాలు కంట్రోల్‌గా ఉండాల్సిందే.

వీడీఏసీ, కాల్‌రెటిక్యులిన్, క్యాటలేజ్ (వరసగా మైటోకాండ్రియా, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, పెరాక్సిజోమ్‌ల గుర్తులు) బ్లాట్లు లేకుండా 'ప్యూర్' అనే మాట రాయకండి.

ప్రతి స్టెప్‌లో సూపర్‌నాటెంట్ దాచండి. ప్రతి స్టెప్‌లో.

లేటెన్సీ ప్రతి ప్రిపరేషన్‌కీ చేయాలి. మొదటిసారి చేసి వదిలేస్తే కుదరదు.

జబ్బు కణాలు ఒకరోజు, మామూలువి ఇంకోరోజు చేయొద్దు. ఒకే మనిషి, ఒకే పెస్టిల్, ఒకే రోజు.

ఏ ట్యూబు ఎవరిదో పెస్టిల్ పట్టుకున్న మనిషికి తెలియకుండా ఇంకొకరితో లేబుల్ వేయించండి. తెలిస్తే చెయ్యి తేడాగా పడుతుంది.