పాత ఆటో-5 షాట్‌గన్‌లో ఘర్షణ రింగులు ఎలా అమర్చాలి?

జాన్ బ్రౌనింగ్ 1900లో పేటెంట్ పొందిన ఆటో-5 వెనుక భాగంలో మూపులా ఎత్తుగా ఉంటుంది. దాన్ని ఒక్కసారి చూసినవారు మరిచిపోరు. బెల్జియంలోని ఎఫ్‌ఎన్ అనే ఆయుధాల కంపెనీ కర్మాగారంలో మొదలైన దీని తయారీ తరువాత జపాన్‌కు మారి 1998 దాకా సాగింది. అందుకే తాతల నాటి తుపాకులు ఇప్పటికీ పనిచేస్తూ కనిపిస్తాయి. అలాంటి తుపాకీ పాడవడానికి వయసే కాదు, ఒక చిన్న ఉక్కు రింగు తప్పు చోట ఉండటమూ కారణం కావచ్చు.

కారణం దాని పనితీరులోనే ఉంది. పేల్చినప్పుడు గుళ్లు బయటికి వెళ్లే గొట్టం, దాని వెనుక భాగాన్ని మూసే బోల్ట్ ఒకదానికొకటి బిగుసుకుని కలిసి వెనక్కి వస్తాయి. ఆ తరువాత గొట్టం ముందుకు వెళ్తుంది, ఖాళీ తూటా బయటపడుతుంది, చివరగా బోల్ట్ కొత్త తూటాను తోసుకుంటూ మూసుకుంటుంది. అంత బరువు వెనక్కి దూసుకొస్తుంటే ఆపడానికి స్ప్రింగ్ ఒక్కటే చాలదు. తూటాలు నిల్వ ఉండే మ్యాగజైన్ గొట్టాన్ని పట్టుకునే కంచు ముక్క ఆ వేగాన్ని తగ్గిస్తుంది.

మొదట తుపాకీని ఖాళీ చేయండి. తూటా గదిలోనూ మ్యాగజైన్‌లోనూ కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తూటాలను వేరే గదిలో పెట్టండి. ఇందులో మినహాయింపులు లేవు.

బోల్ట్‌ను వెనక్కి లాగి, తెరిచిన స్థితిలో ఆపండి. తుపాకీ మడమను, అంటే భుజానికి ఆనే చివరను, నేల మీద మెత్తటి గుడ్డపై నిలిపి, గొట్టాన్ని ఒక చేత్తో కొద్దిగా కిందికి నొక్కి పట్టుకోండి. మీ ముఖం గొట్టం మూతికి దూరంగా ఉండాలి. రెండో చేత్తో మ్యాగజైన్ మూత విప్పి, గొట్టం కింద చేత్తో పట్టుకునే ముందుచెక్కను పైకి జార్చి తీయండి. గొట్టాన్ని ఒక్కసారిగా వదలకండి, లోపలి స్ప్రింగ్ దాన్ని పైకి నెడుతుంది. నెమ్మదిగా వదిలితే గొట్టం విడివడి చేతికి వస్తుంది.

ఇప్పుడు ముందుచెక్క లోపలి వైపు వెలుతురులో తిప్పి చూడండి. వెంట్రుకంత సన్నని పగులు కనిపిస్తే, రింగులు తప్పుగా ఉండగా తుపాకీని చాలాకాలం వాడారేమోనని అనుమానించాలి.

మ్యాగజైన్ గొట్టం మీద స్ప్రింగ్, చీలిక ఉన్న గాజులాంటి కంచు ముక్క, లోపలి అంచు ఒకవైపు వాలుగా చెక్కిన ఉక్కు రింగు ఉంటాయి. అన్నింటినీ తీసి పాత జిడ్డు తుడవండి. మ్యాగజైన్ గొట్టం మీద పలుచగా నూనె రాసి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచేయండి. నూనె ఎక్కువైతే కంచు ముక్క జారిపోయి దెబ్బంతా బోల్ట్ కదిలే తుపాకీ మధ్యభాగమైన రిసీవర్ మీద పడుతుంది. బొత్తిగా ఎండిపోతే తుపాకీ బద్ధకిస్తుంది.

మామూలు 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) తుపాకీలో బలమైన తూటాలకు ముందుగా స్ప్రింగ్, దాని మీద ఉక్కు రింగు, ఆ పైన కంచు ముక్క పెట్టాలి. రింగు వాలు అంచు కంచు ముక్క వైపే ఉండాలి. ఆ వాలు కంచును నొక్కి మ్యాగజైన్ గొట్టాన్ని బిగించి పట్టేలా చేస్తుంది. తేలిక తూటాలకు ఉక్కు రింగును తీసి స్ప్రింగ్ అడుగున, రిసీవర్ దగ్గర పెట్టాలి. అప్పుడు స్ప్రింగ్ నేరుగా కంచును తాకుతుంది, పట్టు తగ్గుతుంది. మరింత బలమైన తూటాల కోసం చేసిన మాగ్నమ్ రకంలో కంచు ముక్కలు రెండు ఉంటాయి కాబట్టి ఆ తుపాకీ పుస్తకం చూసే అమర్చండి.

బిగించాక పేల్చి చూసేటప్పుడు ఖాళీ తూటా బయట పడకుండా చిక్కుకుంటే పట్టు ఎక్కువైనట్టు. భుజానికి గట్టి దెబ్బ తగులుతూ, తూటా చాలా దూరం ఎగిరిపడుతుంటే తక్కువైనట్టు. ఏ అమరికలో ఉందో తెలియని తుపాకీని మొదట బలమైన తూటాల అమరికలోనే పెట్టండి. అది ఆడకపోయినా విరగదు.

గొట్టాన్ని కోసి పొట్టిగా చేసుకోవాలనుకునేవారికి ఒక మాట. ఈ తుపాకీలో గొట్టం బరువు కూడా యంత్రంలో భాగమే. కోస్తే మూతి దగ్గర గుళ్లను దగ్గరగా ఉంచే ఇరుకు భాగం, అంటే చోక్, పోతుంది, గుళ్లు ఎక్కువగా చెదురుతాయి, వెనక్కి వచ్చే వేగమూ మారుతుంది. పైగా కనీస పొడవు విషయంలో చట్టాలు కఠినంగా ఉంటాయి. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం 18 అంగుళాలకు తక్కువ పొడవు గొట్టమున్న షాట్‌గన్‌ను రిజిస్టర్ చేయించాల్సిందే. ఆటో-5 గొట్టం పూర్తిగా విడిగా వస్తుంది కాబట్టి, కోసి పాడుచేయడం కన్నా తయారీదారే పొట్టిగా చేసిన గొట్టాన్ని తుపాకీ మరమ్మతు నిపుణుడి చేత అమర్పించుకోవడం మంచిది. అది అమర్చినప్పుడు రింగులను మళ్లీ మొదటి నుంచి సరిచూడాలి.