దవడ విరిగితే డాక్టరు ముందు వయసు ఎందుకు అడుగుతారు

మెట్ల మీద పడ్డ పిల్లాడికి గడ్డం కింద చీరుకుంటే అందరి దృష్టీ కుట్ల మీదే ఉంటుంది. అసలు చూడాల్సింది చెవి దగ్గర. గడ్డానికి తగిలిన దెబ్బ ఎముక వెంట పైకి పాకి, చెవి ముందున్న కీలు దగ్గర దవడను విరిచేయొచ్చు. రెండు చెవుల ముందూ వేళ్లు మెల్లగా ఆనించి నోరు తెరవమనండి. గడ్డం ఒక పక్కకు లాగినా, పళ్లు మునుపటిలా కలవకపోయినా, వేలు పెట్టిన చోట నొప్పి అన్నా స్కాన్ తప్పదు.

పిల్లల్లో ఈ కీలు ఫ్రాక్చర్‌కు చాలాసార్లు ఆపరేషన్ అక్కర్లేదు. జావ, మెత్తగా పిసికిన పప్పన్నం పెడుతూ నోరు కదిలిస్తూ ఉండాలి. పై పళ్లు, కింది పళ్లు కలిపి కట్టాల్సి వచ్చినా 7 నుంచి 10 రోజులు, మహా అయితే 14. నొప్పి పుడుతుందని అంతకు మించి కదలనివ్వకపోతే కీలు బిగుసుకుపోవచ్చు, ఆ పక్క దవడ ఎదగక ముఖం వంకర తిరగొచ్చు. కట్టు విప్పాక ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టించండి. రోజుకు మూడు నాలుగు సార్లు చేయిస్తూ, వీలైనప్పుడల్లా ఒక పుల్ల పెంచండి. పిల్లాడి సొంత వేళ్లు మూడు నిలువుగా పట్టేదాకా ఆపొద్దు.

కీలు దగ్గర కాకుండా దవడ మరోచోట విరిగి, ముక్కలు పక్కకు జరిగితే లెక్క వేరు. పసి ఎముక కొద్ది రోజులకే అతుక్కోవడం మొదలెడుతుంది, వంకరగా ఉంటే వంకరగానే. కాబట్టి వారం ఆగి చూద్దాం అనుకోవద్దు. 6 నుంచి 12 ఏళ్ల మధ్య పాలపళ్ల వేర్లు కరిగిపోతుంటాయి, పళ్లకు వైరు కడితే నిలవదు. అందుకే అక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) బద్ద చేసి దవడకు బిగిస్తారు. ఎముకను పట్టి ఉంచే ప్లేటు తప్పనిసరైతే కింది అంచున, పొట్టి స్క్రూలతోనే. పైన రాబోయే పళ్ల మొగ్గలున్నాయి మరి.

దవడే కాదు, పిల్లాడికి కంటి దగ్గర దెబ్బ తగిలి, కన్ను తెల్లగా మామూలుగానే ఉన్నా పైకి చూడలేక వాంతులు చేసుకుంటుంటే, కంటి గూటి అడుగు ఎముకలో కండరం ఇరుక్కుని ఉండొచ్చు. 24 నుంచి 48 గంటల్లో విడిపించాలి. పెద్దవాళ్లలో కండరం ఇరుక్కోకపోతే వాపు తగ్గేదాకా ఆగే వీలుంటుంది.

యువకులకు 2 మిల్లీమీటర్ల స్క్రూలతో టైటానియం ప్లేట్లు, నాలుగైదు వారాలు మెత్తటి తిండి. చాలా కేసుల్లో అంతే. ఇక్కడ పని చెడగొట్టేది సిగరెట్టు.

పళ్లన్నీ ఊడిన పెద్దాయనకు దవడ 10 మిల్లీమీటర్ల ఎత్తు కూడా మిగలకపోవచ్చు. సన్న ప్లేటు నమిలే బరువు మోయలేక విరుగుతుంది, అందుకే లావు ప్లేటు వేస్తారు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తలకు సీటీ స్కాన్ ముందు. ఆ మాత్రలు ఇంట్లోనే ఆపేయకండి, పేరు రాసుకుని రండి. ఎముకల బలానికి ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే అదీ చెప్పండి. కట్టుడు పళ్ల సెట్టు రెండు ముక్కలైనా సంచిలో వేసుకు రండి, అతికించి దాన్నే దవడకు బద్దగా వాడొచ్చు.