ముఖాముఖి నేర్చుకుందాం – 4: ప్రవాస నవలాకారునితో సంభాషణ

విదేశంలో స్థిరపడి, సంక్రాంతి సెలవులకు విశాఖపట్నం వచ్చిన తెలుగు నవలాకారుణ్ణి ఏమడగాలో ఈ పాఠంలో చూద్దాం.

చాలామందికి ముందుగా నోటికొచ్చే ప్రశ్న, “సొంత ఊరు గుర్తొస్తుంటుందా అండీ?” అన్నది. దీనికి ఎవరైనా ఒకే జవాబు చెబుతారు, మనకు రాసుకోవడానికి ఏమీ దొరకదు. ప్రవాస రచయిత రాసే ఊరు చాలాసార్లు ఆయన విడిచి వెళ్ళిన సంవత్సరం నాటి ఊరే కనుక, ఆ సంవత్సరం ఏదో ముందుగా నవలలోనే వెతికి పట్టుకోవాలి. ఆర్.కె. బీచ్ ఒడ్డున కుర్సురా జలాంతర్గామి ప్రదర్శనశాల అయినది 2002లో. హుద్‌హుద్ తుఫాను నగరంలోని చెట్లను కూల్చివేసింది 2014 అక్టోబరు 12న. ఈనాటి కథగా నడిచే నవలలో నాయిక కాళీమాత గుడి నుంచి లాసన్స్ బే దాకా నడిచినా దారిలో కుర్సురా ఊసే లేదనుకోండి. దాన్ని తప్పుగా ఎత్తిచూపకుండా ఇలా అడగవచ్చు:

“మీ నాయిక నడిచిన బీచ్ రోడ్డు ఏ సంవత్సరానిది సార్? అప్పుడు ఆ ఒడ్డున ఏముండేది?”

ఆ తర్వాత మాట్లాడకుండా ఆగాలి. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. ఆయన తలచుకుంటున్నంతసేపూ మనం మరో ప్రశ్న వేస్తే, పైకి రాబోతున్న జ్ఞాపకం అక్కడే తెగిపోతుంది.

కొలంబియా పాత్రికేయుడు ప్లినియో అపులేయో మెండోసా, ఏళ్ళ తరబడి మెక్సికో నగరంలో నివసించిన కొలంబియా నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్కెస్‌తో జరిపిన సంభాషణలు 1982లో పుస్తకంగా వచ్చాయి. ఇద్దరూ పాత మిత్రులు, పత్రికల్లో కలిసి పనిచేసినవారు; మార్కెస్ పుట్టిన ఊరు అరకటాకాలోని ఆయన అమ్మమ్మ, తాతయ్యల ఇంటి గురించి అడిగే చనువు మెండోసాకు ఆ స్నేహం వల్లనే దక్కింది. మనకు అంత చనువు ఉండదు కాబట్టి నవలను రెండుసార్లు చదివి, అందులోని వీధుల్లో స్వయంగా తిరిగి ఆ లోటు పూడ్చుకోవాలి.

సముద్రపు గాలి రికార్డింగులో మాటలను మింగేస్తుంది గనుక గదిలోనే కూర్చోండి. గంట గడిచాక ఆయన మాటలో ఉత్తరాంధ్ర యాస తొంగిచూస్తే, రాసేటప్పుడు దాన్ని దయచేసి దిద్దకండి.

అభ్యాసం: విశాఖ నేపథ్యంగల ఒక నవలను ఎంచుకుని, అందులోని మూడు చోట్లను గుర్తించి, వెళ్ళి చూసి, ఒక్కో చోటు గురించి ఒక్కో ప్రశ్న రాయండి. వాటిలో “ఎలా అనిపించింది?” అన్న ప్రశ్న ఉండకూడదు.