వినయపిటక పఠనం – 5వ పాఠం: ఒక్క శిక్షాపదాన్ని ఆమూలాగ్రంగా చదవడం

బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన ప్రాతిమోక్షంలోని 227 నియమాలు (శిక్షాపదాలు) ఏ వర్గంలో ఎన్ని ఉన్నాయో కిందటి పాఠంలో చూశాం. పారాజికలు 4, సంఘాదిసేసాలు 13, అనియతాలు 2, నిస్సగ్గియాలు 30, పాచిత్తియాలు 92, పాటిదేసనీయాలు 4, సేఖియాలు 75, అధికరణసమథాలు 7. ఈ లెక్క నోటికి వస్తే ఎం.ఏ. పరీక్షలో చిన్న ప్రశ్నలకు ఉపయోగపడుతుంది గాని, వినయం చదవడం వచ్చినట్టు మాత్రం కాదు. ఈ పాఠంలో ఆ 227లో ఒక్కదాన్నే తీసుకుని, దాని చుట్టూ సుత్తవిభంగం, అంటే వినయపిటకంలో ఈ నియమాలను వివరించే భాగం, పేర్చిన పొరలన్నిటినీ వరుసగా విప్పుకుంటూ వెళదాం. ఒకదాన్ని ఇలా చదవగలిగినవారికి మిగిలినవాటిని సొంతంగా చదువుకోవడం కష్టం కాదు.

మనం ఎంచుకున్నది పాచిత్తియాల్లో 57వది, అంటే ఆరవదైన సురాపానవగ్గంలో ఏడవ నియమం. పాళీ టెక్స్ట్ సొసైటీ వారి రోమన్ లిపి ముద్రణలో ఇది నాలుగవ సంపుటం 116వ పుటలో మొదలవుతుంది. రోమన్ లిపి ఇబ్బందిగా ఉన్నవారు, బర్మాలో 1954–56 మధ్య జరిగిన ఛట్ఠ సంగాయనలో (ఆరవ బౌద్ధ సంగీతిలో) స్థిరపరచిన పాఠాన్ని ఇగత్‌పురిలోని విపశ్యన పరిశోధన సంస్థ తెలుగు లిపిలో కూడా అందుబాటులో ఉంచింది కాబట్టి, దాన్ని తెరిచి పక్కన పెట్టుకోవచ్చు. నియమం ఇలా మొదలవుతుంది: “యో పన భిక్ఖు ఓరేనద్ధమాసం నహాయేయ్య, అఞ్ఞత్ర సమయా, పాచిత్తియం.” ప్రత్యేక సందర్భాల్లో తప్ప, పక్షం రోజులు గడవకుండా మళ్లీ స్నానం చేసే భిక్షువుకు పాచిత్తియ దోషం (తోటి భిక్షువు ముందు ఒప్పుకుంటే తీరే దోషం) కలుగుతుందని దీని సారాంశం.

ఈ ఒక్క వాక్యాన్నే ఉటంకించి, బౌద్ధ భిక్షువులు నెలకు రెండుసార్లే స్నానం చేసేవారని తేల్చేసే వ్యాసాలు తెలుగులోనూ కనబడుతుంటాయి. చెన్నైలో ఆదివారాల్లో కలిసి చదువుకునే మన బృందంలో కూడా, మే నెల ఎండలకు పూటపూటా నీళ్లు పోసుకుని వచ్చినవారికి ఈ వాక్యం వినగానే మొదట నవ్వు వచ్చింది, తర్వాత అనుమానం వచ్చింది. ఆ అనుమానం సరైనదే, ఎందుకంటే వాక్యం అక్కడితో ఆగదు.

మొదటి పొర నిదానకథ, అంటే నియమం ఏ సందర్భంలో పుట్టిందో చెప్పే కథ. బుద్ధుడు రాజగృహంలో వేణువనాన ఉన్న కాలంలో భిక్షువులు తపోద అనే చోట స్నానం చేస్తుండేవారు. వైభారగిరి పాదంలో వేడినీటి బుగ్గలు ఇప్పటికీ ఉన్నాయి, రాజగీర్ యాత్రకు వెళ్లినవారికి అవి తెలిసే ఉంటాయి. మగధరాజు బింబిసారుడు తలస్నానం చేద్దామని అక్కడికి వెళ్లాడు. భిక్షువులు స్నానం చేస్తుండడం చూసి, వారు ముగించేదాకా ఆగుదామని ఒక పక్కన నిలబడ్డాడు. వారేమో చీకటి పడేదాకా నీళ్లలోంచి కదలలేదు. రాజు వేళగాని వేళ స్నానం ముగించుకుని వచ్చేసరికి నగర ద్వారాలు మూసివేశారు. దాంతో ఆయన ఆ రాత్రి ఊరి బయటే గడిపి, ఒంటికి పూసుకున్న సుగంధ లేపనం ఇంకా చెదరకుండానే తెల్లవారుతూనే బుద్ధుడి దగ్గరికి వెళ్లాడు. ఇంత పొద్దున్నే ఇలా వచ్చావేమని బుద్ధుడు అడిగాడు, రాజు జరిగింది చెప్పాడు. చెదరని లేపనమనే ఆ చిన్న వివరాన్ని వదిలిపెట్టకండి. రాజు ఫిర్యాదు చేయడానికి రాలేదని, అడిగితేనే చెప్పాడని కథకుడు దాని ద్వారా చూపిస్తున్నాడు. పైగా బుద్ధుడు భిక్షువులను మందలించినప్పుడు తప్పుపట్టింది స్నానాన్ని కాదు, రాజును చూసి కూడా మితం తెలియకుండా స్నానం చేస్తూ ఉండిపోవడాన్ని. నియమం పుట్టుకలో ఉన్నది శరీరాన్ని హింసించుకోవాలనే తపస్సు కాదు, అందరూ వాడుకునే నీటి దగ్గర పాటించవలసిన మర్యాద. నిదానకథ చదవకుండా నియమంలోకి వెళ్లినవారు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు.

ఇక రెండవ పొర అనుప్రజ్ఞప్తి, పాళీలో అనుపఞ్ఞత్తి, అంటే నియమానికి తర్వాత చేర్చిన సవరణ. ఉద్యోగ విరమణ చేసిన మన సభ్యులకు దీన్ని వివరించనక్కరలేదు, ఎందుకంటే ఒక జీవో వెలువడ్డాక ఇబ్బందులు ఎదురైనకొద్దీ దానికి సవరణ జీవోలు ఎలా వస్తాయో వారు సర్వీసంతా చూశారు. తేడా ఏమిటంటే, సుత్తవిభంగం పాత రూపాలను చెరిపివేయదు, ప్రతి రూపాన్నీ అది పుట్టడానికి కారణమైన సందర్భంతో సహా దాచి ఉంచుతుంది. నియమం వచ్చాక భిక్షువులు ఎండాకాలంలో ఉక్కలో కూడా స్నానం మానేసి, చెమటపట్టిన ఒంటితోనే పడుకునేవారు, దాంతో చీవరాలు (భిక్షువుల వస్త్రాలు), పడకలు పాడయ్యేవి. అందుకని ఉష్ణసమయానికి, పరిళాహ (ఉక్కపోత) సమయానికి కలిపి సడలింపు వచ్చింది. తర్వాత రోగులు బాధపడ్డారు, వారికి సడలింపు వచ్చింది. ఆపైన పని చేసేవారికి, ప్రయాణం చేసేవారికి వరుసగా అనుమతి దొరికింది. చివరకు ఆరుబయట చీవరాలు కుట్టుకుంటుండగా దుమ్ముగాలి కొట్టి, పైన సన్నగా తుంపర పడి ఒళ్లంతా మురికైనవారికి కూడా అనుమతి లభించింది. మొదటి నియమం, దాని మీద అయిదు అనుప్రజ్ఞప్తులు కలిపి మొత్తం ఆరు రూపాలు. ప్రాతిమోక్షంలో భిక్షువులు పారాయణ చేసేది ఆరవ రూపాన్ని. మీ నోటు పుస్తకంలో ఆరు రూపాలనూ ఒకదాని కింద ఒకటి రాసుకుని, ప్రతిదానిలో కొత్తగా చేరిన పదాన్ని గీత గీసి గుర్తించండి. వినయ పఠనంలో ఇంతకంటే ఉపయోగపడే అభ్యాసం ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

మొదటి సడలింపులోని కాల నిర్ణయం దగ్గర కొంచెం ఆగాలి. గ్రీష్మంలో మిగిలిన నెలన్నర, వర్షంలో మొదటి నెల, వెరసి రెండున్నర నెలలు అని పాఠం చెబుతుంది. పాళీ గ్రంథాల్లో ఏడాదికి మూడు రుతువులే, ఒక్కొక్కటి నాలుగు నెలలు. నెల పౌర్ణమితో ముగుస్తుంది, గ్రీష్మం ఆషాఢ పౌర్ణమితో ముగుస్తుంది. మన తెలుగు పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది కాబట్టి పేర్లను ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకుంటే లెక్క ఒక పక్షం తప్పుతుంది. ఆషాఢ పౌర్ణమి నుంచి నెలన్నర వెనక్కి లెక్కపెడితే జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి వస్తుంది, ముందుకు ఒక నెల లెక్కపెడితే శ్రావణ పౌర్ణమి వస్తుంది. అంటే మన లెక్కలో జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి మొదలు శ్రావణ పౌర్ణమి వరకు ఈ సడలింపు వర్తిస్తుంది. చెన్నైని మాడ్చే అగ్నినక్షత్రం రోజులు చాలావరకు దీనికి ముందే గడిచిపోతాయన్నది గమనించదగ్గ విషయం. వానలు రాబోతూ ఉక్కపోసే మగధ వాతావరణానికి తగినట్టు ఈ నియమం రూపుదిద్దుకుంది. దాన్ని దక్షిణాదికి అన్వయించాలంటే ఇంకో దారి కావాలి, ఆ దారి గ్రంథంలోనే ఉంది. దాని సంగతి కొద్దిసేపట్లో చూద్దాం.

మూడవ పొర పదభాజనీయం. ఇక్కడ నియమంలోని ప్రతి పదానికీ పరిధి నిర్ణయిస్తారు. ఈ భాగం పొడిగా ఉంటుందని విద్యార్థులు దాటవేస్తారు గాని, నియమం ఎంత ఉదారంగా అమలయ్యేదో తెలిసేది ఇక్కడే. పని సందర్భమంటే పెద్ద కట్టడపు పనే కానక్కరలేదు, పరివేణం (విహారపు ఆవరణ) ఊడ్చినా చాలు. ప్రయాణమంటే అర్ధయోజనం వెళ్లబోతున్నా, వెళుతున్నా, వెళ్లి వచ్చినా స్నానం చేయవచ్చు. గాలివాన సందర్భమంటే దుమ్ముగాలి కొట్టి ఒంటి మీద రెండు మూడు చినుకులు పడడం. ఏ విహారంలోనైనా రోజూ ఎవరో ఒకరు వాకిలి ఊడ్చే ఉంటారు కదా! ఈ నిర్వచనాలన్నీ కలిపి చూస్తే, నియమాన్ని నిలబెడుతూనే దాని బరువును బాగా తగ్గించిన తీరు అర్థమవుతుంది.

దీని వెంటనే మూడేసి విడతలుగా ఒక పట్టిక వస్తుంది. పక్షం నిండకముందే స్నానం చేసినవాడు, నిండలేదని తెలిసి చేసినా, సందేహంతో చేసినా, నిండిందని పొరబడి చేసినా మూడింటా పాచిత్తియమే. పక్షం దాటాక స్నానం చేసి, దాటలేదనుకున్నా, సందేహించినా దుక్కటమనే తేలికపాటి దోషం అంటుతుంది, దాటిందని సరిగ్గా తెలిస్తేనే అనాపత్తి, అంటే దోషం లేనట్టు. సంఘం నుంచి వెలివేతకు దారితీసే పారాజికల్లో ఉద్దేశానికి ఎంతటి ప్రాధాన్యం ఉందో మూడవ పాఠంలో చూశాం. ఇక్కడ అది లేదు, రోజుల లెక్క తప్పినా దోషమే. వినయమంతా చేతనను (ఉద్దేశాన్ని) బట్టి నడుస్తుందని ఒకే వాక్యంలో రాసేవారు ఈ పట్టికను ఒకసారి చూడాలి.

నాలుగవ పొర అనాపత్తి, అంటే దోషం అంటని సందర్భాల జాబితా. చెప్పిన సమయాల్లో చేసినవారు, పక్షం నిండాక చేసినవారు, ఏరు దాటుతూ మునిగినవారు, ఆపదలో ఉన్నవారు, ఉన్మత్తులు, నియమానికి కారణమైన మొదటివారు ఇందులో వస్తారు. వీటి మధ్యలో ‘సబ్బపచ్చన్తిమేసు జనపదేసు’ అనే మాట ఉంది. ప్రత్యంత జనపదాలన్నిటిలోనూ, అంటే మధ్యదేశపు హద్దులకు అవతలి ప్రాంతాల్లో, ఈ దోషం లేదని భావం. ఒక ప్రాంతమంతటికీ మినహాయింపు ఎక్కడినుంచి వచ్చిందో ఈ పుటలో ఉండదు. దానికోసం వినయపిటకంలోని మరో భాగమైన మహావగ్గంలో అయిదవ ఖంధకానికి (అధ్యాయానికి) వెళ్లాలి.

అవంతిలో మహాకచ్చాన స్థవిరుడికి సేవ చేస్తున్న సోణ కుటికణ్ణుడు భిక్షువు కావాలనుకున్నాడు. ఉపసంపదకు (పూర్తి భిక్షు దీక్షకు) కావలసిన పదిమంది భిక్షువులను అక్కడ సమకూర్చడానికి మూడేళ్లు పట్టింది. తర్వాత అతడు బుద్ధుడిని చూడడానికి బయలుదేరినప్పుడు, కచ్చానుడు అతడి ద్వారా అయిదు విన్నపాలు పంపాడు. అవంతి దక్షిణాపథంలో భిక్షువులు తక్కువ, నేల పైభాగం నల్లగా, గరుకుగా ఉండి పశువుల గిట్టలతో గుంటలు పడి ఉంటుంది, అక్కడి మనుషులు స్నానానికి ఎంతో విలువ ఇస్తారు, నీటితోనే శుద్ధి అంటారు అని ఆ విన్నపాల్లో ఉంది. ఎండిన రేగడి చేల మీద చెప్పులు లేకుండా నడిచినవారికి ఆ నేల వర్ణన చదవగానే అరికాళ్లు జివ్వుమంటాయి. బుద్ధుడు ప్రత్యంత జనపదాల్లో వినయధరుడితో (వినయం బాగా తెలిసిన భిక్షువుతో) కలిపి అయిదుగురు ఉంటే ఉపసంపద ఇవ్వవచ్చని, పొరలు పొరలుగా ఉన్న పాదరక్షలు వాడవచ్చని, నిత్యస్నానం చేయవచ్చని, తోళ్లు పరచుకోవచ్చని, చీవరాల విషయంలోనూ వెసులుబాటు ఉందని అనుమతించాడు. ప్రత్యంతమంటే ఏమిటో హద్దులు కూడా అక్కడే ఉన్నాయి: తూర్పున కజంగల నిగమం (పట్టణం), ఆగ్నేయాన సల్లవతీ నది, దక్షిణాన సేతకణ్ణిక నిగమం, పడమట థూణ అనే బ్రాహ్మణ గ్రామం, ఉత్తరాన ఉసీరద్ధజ పర్వతం. వీటికి అవతల ఉన్నదంతా ప్రత్యంతమే. అవంతి దక్షిణాపథానికే ఇది వర్తించినప్పుడు, దానికీ దిగువనున్న కృష్ణాతీరం గురించి, కంచి గురించి, మన బృందం కూర్చునే చెన్నై గురించి వేరే చెప్పాలా!

ఇక్కడ తెలుగు పాఠకులకు దగ్గరి ఆధారం ఒకటి ఉంది. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాల విభాగాన్ని చాలామంది బొమ్మలకోసమే చూసి వస్తారు. అమరావతి దాన శాసనాల్లో భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకుల పేర్లతోపాటు వినయధరులనే బిరుదు కూడా కనబడుతుంది. అయిదుగురితో ఉపసంపద జరగాలంటే వారిలో ఒకరు తప్పనిసరిగా వినయధరుడై ఉండాలన్న నియమాన్ని, ఆ బిరుదును పక్కపక్కన పెట్టి చూడండి. అయితే ఒక బిరుదు కనబడినంత మాత్రాన అమరావతిలో సరిగ్గా ఈ పాళీ వినయమే అమల్లో ఉండేదని రాయకూడదు. ఒక్కొక్క నికాయానికి (బౌద్ధ శాఖకు) తనదైన వినయం ఉండేది, అమరావతి ప్రాంతంలో చైత్యక శాఖ బలంగా ఉండేది. ఆంధ్రదేశపు వినయ సంప్రదాయానికి ఇంకొక జాడ, వినయపిటకానికి బుద్ధఘోషుడు రాసిన వ్యాఖ్యానమైన సమంతపాసాదికలో ఉంది. ఆయన అంధకట్ఠకథ (ఆంధ్రుల అట్ఠకథ) అనే పాత వ్యాఖ్యానాన్ని పలుచోట్ల ప్రస్తావిస్తాడు, కొన్నిచోట్ల అది చెప్పింది సరికాదని తోసిపుచ్చుతాడు. ఆ వ్యాఖ్యానం మనకు దక్కలేదు గాని, ఆయన ఖండించిన వాక్యాలను ఏరి ఒకచోట చేర్చడం ఎం.ఏ. లఘుపరిశోధనకు మంచి అంశమవుతుంది.

పాఠ్యచరిత్ర గురించి ఒక మాట చెప్పి అభ్యాసాలకు వెళదాం. వినయాన్ని 1879–83 మధ్య పరిష్కరించిన జర్మన్ పండితుడు ఓల్డెన్‌బర్గ్, నియమ వాక్యాలు పాతవని, వాటి చుట్టూ విభంగం తర్వాత పెరిగిందని వాదించాడు. దీన్ని అంగీకరించినా, నిదానకథలు కల్పితాలు కాబట్టి పనికిరావని అనుకోవలసిన అవసరం లేదు. బింబిసారుడు నిజంగా ఆ రాత్రి ఊరి బయట పడుకున్నాడా లేదా అన్నది ఒక ప్రశ్న. నియమానికి ఏ కారణం చెబితే తమవారు ఒప్పుకుంటారని సంఘం భావించిందన్నది ఇంకొక ప్రశ్న. రెండవదానికి నిదానకథే మొదటి సాక్ష్యం. సమాధానాలు రాసేటప్పుడు ఈ రెండింటినీ కలిపేయకండి.

వచ్చే పాఠం లోపల చేయవలసిన పని ఇది. ఇదే వగ్గంలో దీనికి ముందున్న 56వ పాచిత్తియాన్ని, అంటే నిప్పు రాజేసే నియమాన్ని తెరవండి. బోలుగా ఉన్న దుంగను కాల్చి చలి కాచుకుంటున్న భిక్షువులను అందులోంచి వచ్చిన పాము తరమడంతో అది మొదలవుతుంది. ఆ నియమానికి ఎన్ని రూపాలున్నాయో, ఏ రూపంలో ఏ పదం చేరిందో రాయండి, అనాపత్తి జాబితాలో స్నానపు నియమానికి లేని అంశాలేమిటో గుర్తించండి. రెండవ ప్రశ్నకు తొందరపడకుండా ఒక పుట రాయండి: ఎండ, జబ్బు, పని, ప్రయాణం, గాలివాన అన్నవి పారాయణ చేసే నియమ వాక్యంలోకే ఎక్కగా, ప్రత్యంత జనపదాల మినహాయింపు మాత్రం వాక్యంలోకి రాకుండా ఖంధకంలోనూ అనాపత్తిలోనూ ఎందుకు ఉండిపోయింది?