బెంచ్ జీతం అడిగితే వీసా తీసేస్తామంటున్నారా? అమెరికాలో హెచ్-1బి ఉద్యోగులు చేయాల్సినవి

"ప్రాజెక్టే లేదు, జీతం ఎక్కణ్ణుంచి ఇస్తాం? ఎక్కువ మాట్లాడితే హెచ్-1బి విత్‌డ్రా చేస్తాం." కన్సల్టెన్సీల ద్వారా పనిచేసే మనవాళ్ళకి ఈ బెదిరింపు కొత్త కాదు. కానీ చట్టం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉంచినా, ఎల్‌సీఏ (హెచ్-1బి ఉద్యోగికి ఎంత జీతం ఇస్తామో కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంటుకి రాసిచ్చే పత్రం) ప్రకారం ఇవ్వాల్సిన జీతం కంపెనీ ఇచ్చి తీరాలి. అడిగినందుకు బెదిరించినా, తీసేసినా, బ్లాక్‌లిస్టులో పెట్టినా అది విడిగా ఇంకో ఉల్లంఘన. మేనేజరుకి పెట్టిన మెయిల్‌కి కూడా ఈ రక్షణ వర్తిస్తుంది. ఉద్యోగం పోయినవాళ్ళకీ ఉంటుంది.

ముందు ఎల్‌సీఏ కాపీ సంపాదించండి. మీరు పనిలో చేరే రోజుకల్లా దాన్ని మీకివ్వడం కంపెనీ బాధ్యత. ఇవ్వకపోతే పబ్లిక్ యాక్సెస్ ఫైల్ (ఎల్‌సీఏ ఉండే కంపెనీ ఫైలు) చూపించమనండి, ఎవరడిగినా చూపించాల్సిందే. ఇప్పుడు పే స్టబ్‌లు పక్కన పెట్టుకుని నెలవారీ లెక్క రాయండి. ఏడాదికి 96,000 డాలర్లంటే నెలకి 8,000. మార్చిలో 2,000 పడితే బాకీ 6,000. వాట్సాప్ బెదిరింపుల స్క్రీన్‌షాట్లు తేదీ కనపడేలా తీసి సొంత ఫోన్లో ఉంచుకోండి. తీసేసిన రోజే ఆఫీసు ల్యాప్‌టాప్ లాకైపోవచ్చు. క్లయింట్ కోడ్, డేటా మాత్రం ముట్టుకోవద్దు, తీసేయడానికి వాళ్ళకి అదే సాకవుతుంది.

తర్వాత మెయిల్లో అడగండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా బెంచ్, ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఇది హెచ్-1బి నిబంధనలకి విరుద్ధమని నమ్ముతున్నాను: నాలుగు వాక్యాలు చాలు. ఆ చివరి వాక్యం వదలొద్దు. కక్ష సాధింపు కేసులో తేదీల వరుసే ప్రాణం. ఫోన్లో అడిగి ఊరుకుంటే, మీరు అడిగాకే తీసేశారని చూపించడం చాలా కష్టం.

చాలామంది దెబ్బతినేది ఒక్క సంతకం దగ్గర. 'వ్యక్తిగత కారణాలతో సెలవు' అని లెటరు పంపి సైన్ చేయమంటారు. ఉద్యోగి తనంతట తాను కోరిన సెలవుకి జీతం ఇవ్వక్కర్లేదు, అందుకే ఆ లెటరు. నిజం కానప్పుడు సంతకం పెట్టకండి. తొందరపడి రాజీనామా కూడా చేయొద్దు. హెచ్-1బి గడువుకి ముందే తీసేస్తే ఇండియా తిరిగి వెళ్ళే ప్రయాణ ఖర్చు కంపెనీదే, మీరే మానేస్తే ఆ హక్కు పోతుంది.

ఫిర్యాదు చేయాల్సింది లేబర్ డిపార్ట్‌మెంటులోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి, ఫామ్ డబ్ల్యూహెచ్-4 మీద. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. చివరి ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు చేరాలి. సందేహాలుంటే 1-866-487-9243కి ఫోన్ చేయొచ్చు. జీతం బాకీ ఒక చోట, కక్ష సాధింపు ఇంకో చోట, తేదీలతో విడివిడిగా రాయండి. పేరు బయటపెట్టొద్దని కోరవచ్చు, కాకపోతే పదిమంది ఉండే కంపెనీలో ఎవరో ఊహించేస్తారు. కక్ష సాధింపు రుజువైతే బాకీతో పాటు జరిమానా, కనీసం 2 ఏళ్ళు కొత్త పిటిషన్ల మీద నిషేధం.

12 నెలలుందని ఆగారో, అసలు చిక్కు అక్కడే. ఉద్యోగం పోయాక దేశంలో ఉండగలిగేది 60 రోజులు లేదా ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు దాకా, ఏది ముందైతే అది. డబ్ల్యూహెచ్-4 వేసినంత మాత్రాన స్టేటస్ రాదు. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ కావాలి. ఆలస్యమైతే, డబ్ల్యూహెచ్-4 కాపీ, కక్ష సాధింపు రుజువులు జతచేసి ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్‌ని మినహాయింపు కోరవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టం. కాబట్టి తీసేసిన వారంలోనే ఫామ్ వేసేయండి. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొంది 180 రోజులు దాటితే, కంపెనీ విత్‌డ్రా చేసినంత మాత్రాన అది రద్దు కాదు. ఆ బెదిరింపుకి భయపడక్కర్లేదు.

గొడవ జీతం గురించి కాకుండా జాతి, మతం, లింగ వివక్ష మీద ఫిర్యాదు చేసినందుకైతే ఉద్యోగ వివక్ష కేసులు చూసే ఈఈఓసీకి వెళ్ళాలి, గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. పని చోట భద్రత గురించి మాట్లాడినందుకైతే పని భద్రత సంస్థ ఓషాకి, అక్కడ 30 రోజులే.